పెట్టెలో కాగితం

నరసాపురం దగ్గర ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక అక్క ఉందనుకుందాం. పేరు ఏదైనా కావచ్చు. అలాంటి అక్క ప్రతి ఊళ్ళోనూ ఉంటుంది.

వయసు నలభై అయిదు దాటింది. ముగ్గురు పిల్లల తల్లి. ఆఖరి కాన్పుకి రెండు రోజులు నొప్పులు పడింది. పొద్దున్న వంట, మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని లేసు అల్లిక. నాట్ల రోజుల్లో చేలోకి వెళ్తుంది. బోరింగు దగ్గర్నుంచి బిందెలు మోస్తుంది.

ఆమెకు ఒక బాధ ఉంది. ఎవరికీ చెప్పలేదు. దగ్గితే చీర తడుస్తుంది. తుమ్మితే తడుస్తుంది. నిండు బిందె ఎత్తితే తడుస్తుంది. పక్కింటి వదిన ఏదో హాస్యమాడితే నవ్వడానికి కూడా భయం.

పాత చీర చింపి మడతలు పెట్టుకునేది. బస్సెక్కడం మానేసింది. పేరంటాలకు వెళ్ళడం మానేసింది.

“ఏంటొదినా, మా అమ్మాయి పెళ్ళికి రాలేదేం?” అని పక్కింటామె అడిగింది.

“మోకాళ్ళ నొప్పులొదినా” అంది.

మోకాళ్ళు బాగానే ఉన్నాయి. చెప్పుకోలేని బాధకు ఆడవాళ్ళు పెట్టే పేర్లలో మోకాళ్ళ నొప్పి ఒకటి.

నీళ్ళు తాగడం కూడా తగ్గించేసింది. తాగకపోతే కారదు కదా అనుకుంది. ఇది తప్పు. నీళ్ళు తగ్గితే మూత్రం చిక్కబడుతుంది. మంట పుడుతుంది. మంట వల్ల మాటిమాటికీ వెళ్ళాలనిపిస్తుంది. బాధ ఒకటి రెండవుతుంది.

ఇది ఎందుకు వస్తుంది?

నులకమంచం అందరికీ తెలుసు. కొత్తలో నులక బిగువుగా ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ వదులై మధ్యలో జారుతుంది. ఆడవారి పొత్తికడుపు అడుగున కండరాలు అలాగే నులకలా అల్లుకుని ఉంటాయి. మూత్రసంచిని, గర్భసంచిని, మలద్వారాన్ని అవే పట్టి ఉంచుతాయి. కాన్పుల్లో అవి సాగుతాయి. బరువులు, పొయ్యి పొగ వల్ల వచ్చే పాత దగ్గు, మలబద్ధకం, లావు, ముట్లు ఆగిన వయసు, అన్నీ కలిసి వాటిని వదులు చేస్తాయి. అప్పుడు దగ్గు ఒత్తిడికి మూత్రనాళం మూసుకుని ఉండలేదు. బొట్లు బొట్లుగా కారుతుంది.

ఇంకో రకం కూడా ఉంది. దగ్గు లేదు, బరువు లేదు. ఉన్నట్టుండి ఆపుకోలేనంత తొందర వస్తుంది. దొడ్లోకి వెళ్ళేలోపే అయిపోతుంది. ఈ రెండూ ఒకటి కాదు. రెండిటికీ వైద్యం వేరు. కొందరికి రెండూ కలిసి ఉంటాయి. డాక్టరు దగ్గర “కారుతోంది” అని ఒక్క మాట అని ఊరుకోకూడదు. ఎప్పుడు కారుతోందో, ఏం చేస్తుంటే కారుతోందో చెప్పాలి.

దగ్గితే కారే రకానికి మొదటి వైద్యం కత్తి కాదు. వ్యాయామం. కెగెల్ అనే అమెరికా డాక్టరు 1948లో ఈ వ్యాయామం గురించి రాశాడు. అందుకే దాన్ని కెగెల్ వ్యాయామం అంటారు. గాలి బయటికి పోకుండా ఆపుకుంటాం కదా, ఆ కండరాలనే లోపలికి, పైకి బిగించాలి. కొన్ని అంకెలు లెక్కపెట్టే దాకా పట్టి ఉంచి వదలాలి. ఊపిరి బిగబట్టకూడదు. పొట్ట, తొడలు బిగించకూడదు. ఒక్కోసారి ఎనిమిది నుంచి పది మార్లు, రోజుకు మూడుసార్లు. కనీసం మూడు నెలలు విడవకుండా చెయ్యాలి. లేసు అల్లుకుంటూ చెయ్యొచ్చు. పక్కనున్న వాళ్ళకి తెలియను కూడా తెలియదు. చాలామందికి దీనితోనే తగ్గుతుంది, లేదా బాగా తేలికవుతుంది.

మన అక్కకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

పట్టీ వేశారు

ఒక ఏడాది వర్షాల్లో దగ్గు పట్టుకుంది. నెల్లాళ్ళు వదల్లేదు. ఇక ఓర్చుకోలేక భర్తతో చెప్పింది. ఆయన పట్నంలో ఒక ఆస్పత్రికి తీసుకెళ్ళాడు.

“చిన్న ఆపరేషనమ్మా. కింద ఒక పట్టీ వేస్తాం. రెండు రోజుల్లో ఇంటికెళ్ళిపోవచ్చు” అన్నారు.

నాలుగు కాగితాలు ముందు పెట్టారు. అప్పటికి ఆమెకు చదువు రాదు. వేలిముద్ర వేసింది. భర్త సంతకం పెట్టాడు. ఆయనా చదవలేదు. చదువుదామన్నా అవి ఇంగ్లీషులో ఉన్నాయి.

ఏమిటా పట్టీ? డాక్టర్లు దాన్ని స్లింగ్ అంటారు. అంటే ఉయ్యాల లాంటిది. స్వీడన్ దేశం డాక్టరు ఉల్ఫ్ ఉల్మ్‌స్టెన్, ఆస్ట్రేలియా డాక్టరు పీటర్ పెట్రోస్ 1990ల్లో ఈ పద్ధతి తెచ్చారు. పట్టీ వెడల్పు సుమారు ఒక సెంటీమీటరు. చిటికెన వేలి గోరంత. యోని గోడలోంచి దాన్ని మూత్రనాళం కిందికి ఉయ్యాలలా పోనిస్తారు. దగ్గినప్పుడు నాళానికి అది ఆనుడు ఇస్తుంది. కారడం ఆగుతుంది.

ఈ పట్టీ బట్టతో చేసింది కాదు. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ దారంతో వలలా అల్లింది. బియ్యం బస్తాలు నేసే ప్లాస్టిక్ కూడా ఆ జాతిదే. ఒంట్లో పెట్టేదాన్ని శుద్ధి చేసి, సన్నగా చేస్తారు. లేసు అల్లే చేతులకు చూడగానే అర్థమవుతుంది, అందులో అన్నీ కన్నాలే. ఆ కన్నాల్లోంచి కండ పెరిగి పట్టీని పట్టేస్తుంది. పందిరి మీదికి ఆనపపాదు అల్లుకున్నట్టన్నమాట. అందుకే అది కదలకుండా నిలబడుతుంది. తర్వాత తియ్యాలంటే కష్టమయ్యేదీ అందుకే.

ఆపరేషనయ్యాక ఆమెకు కారడం ఆగిపోయింది. ఆ సంతోషం ఇంతా అంతా కాదు. ఆ మాఘమాసంలో రేవు దగ్గర పంటు ఎక్కి గోదావరి దాటి అంతర్వేది తీర్థానికి వెళ్ళింది. జనంలో రోజంతా నడిచింది. మడతల గుడ్డ పెట్టుకోకుండా ఇంటి గడప దాటి ఎన్నేళ్ళయిందో. ఈ మాట కూడా చెప్పాలి. పట్టీ వేయించుకున్న చాలామందికి సుఖంగానే ఉంది.

తర్వాత ఏమైంది?

రెండేళ్ళు గడిచాయి. మొదట తొడ మొదట్లో నొప్పి. కూర్చుని లేస్తే పోటు. పనివల్ల అనుకుంది. తర్వాత తెల్లబట్ట, వాసన, అప్పుడప్పుడు రక్తపు చార. మూత్రంలో మంట, జ్వరం. మందుల దుకాణంలో బిళ్ళలు కొని వేసుకునేది. తగ్గేది. మళ్ళీ వచ్చేది.

భర్త దగ్గరికి వస్తే ప్రాణం పోయేంత నొప్పి. “ఏదో గుచ్చుకుంటోందే” అన్నాడాయన కూడా ఒకనాడు. ఆయన అంగానికి గీరుకుంది. ఇద్దరూ భయపడ్డారు. ఆపైన ఆమె పిల్లల దగ్గర పడుకోసాగింది. ఆయన అలిగాడు. ఆమె ఏడ్చింది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు తప్పు పెట్టుకున్నారే గానీ, తప్పు పట్టీది కావచ్చని ఇద్దరికీ తోచలేదు. రెండేళ్ళ కిందటి ఆపరేషనుకీ ఇవాళ్టి నొప్పికీ సంబంధం ఉంటుందని ఎవరనుకుంటారు?

ఉంటుంది. కొన్నాళ్ళకే కాదు, కొన్నేళ్ళకు కూడా ఉంటుంది. పట్టీ అంచు యోని గోడని ఒరుసుకుని బయటపడవచ్చు. మూత్రనాళంలోకో మూత్రసంచిలోకో చొచ్చుకుపోవచ్చు. అలా చొచ్చుకున్నదాని మీద రాయి కూడా కట్టవచ్చు. పట్టీ మరీ బిగుసుకుంటే మూత్రం ధార సన్నబడుతుంది. సంచి పూర్తిగా ఖాళీ కాదు. కొందరికి నడుము కింద, గజ్జల్లో, తొడల్లో తీరని నొప్పి ఉంటుంది.

మూత్రం అసలు రాక కడుపు ఉబ్బినా, చలీ వణుకుతో జ్వరం వచ్చినా, రక్తం ఎక్కువగా పోయినా, మూత్రంలో రక్తం పడినా తెల్లారే దాకా ఆగకూడదు. ఆ పూటే ఆస్పత్రికి వెళ్ళాలి.

“ఏం వేశారమ్మా?”

ఈలోగా ఆ ఊళ్ళో రాత్రి బడి మొదలైంది. ఆమె కూడా పలక పట్టింది. తన పేరు రాయడం వచ్చింది. అంకెలు వచ్చాయి. బస్సు మీద ఊరి పేరు చదువుకునే దాకా వచ్చింది.

నొప్పి ముదిరి ఈసారి వేరే ఆస్పత్రికి వెళ్ళారు. అక్కడి డాక్టరమ్మగారు పరీక్ష చేసి, “లోపల పట్టీ అంచు చేతికి తగులుతోంది. ఏ పట్టీ వేశారమ్మా? ఎప్పుడు వేశారు? కాగితాలున్నాయా?” అని అడిగారు.

“ఏమోనండి. వేలిముద్ర వేయించుకున్నారండి” అంది ఆమె.

డాక్టరమ్మగారికి అది చాలా ముఖ్యం. పట్టీలు చాలా కంపెనీలు చేస్తాయి. లోపలికి వేసే దారులు కూడా వేరు వేరు. ఒకటి పొత్తికడుపు వైపు నుంచి, ఇంకొకటి తొడ మొదటి నుంచి వేస్తారు. ఏది వేశారో తెలియకుండా లోపల వెతకడం, దీపం లేకుండా బావిలో బిందె వెతికినట్టే.

ఇంటికొచ్చి కూతురూ తనూ ఇల్లంతా వెతికారు. చివరికి రేకుపెట్టె అడుగున, పట్టుచీర కింద దొరికింది. వాన నీళ్ళు తగిలి అంచులు అంటుకుపోయాయి. అక్షరాలు ఇంగ్లీషువి. అయినా ఆమె ఊరుకోలేదు. అంకెలు ఏ కాగితం మీదైనా అవే కదా. పైన తేదీ చదివింది. కింద ఒక చిన్న చీటీ అతికించి ఉంది. దాని మీద పొడవాటి నంబరు. ఒక్కో అంకె మీద వేలు పెట్టి చదివింది. కూతురు ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని కంపెనీ పేరు చదివింది.

ఆ చీటీ పట్టీ డబ్బాలోనిదే. ఒంట్లో పెట్టే వస్తువుకు ఒక పేరు, ఒక నంబరు ఉంటాయి. ఆపరేషను చేసినప్పుడు ఆ చీటీని రోగి కాగితాల్లో అతికించాలి. బండి కొంటే బండి నంబరు రాసి పెట్టుకుంటాం. ఒంట్లో బతుకంతా ఉండేదానికి నంబరు అక్కర్లేదా?

పాత కాగితం పోయిందనుకోండి, ఆస్పత్రిని అడగవచ్చు. డాక్టర్ల నడవడికకు 2002లో చేసిన నిబంధనల ప్రకారం, వైద్యం మొదలైన నాటి నుంచి మూడేళ్ళు ఆ రికార్డులు దాచాలి. రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. అర్జీ తెలుగులో రాసినా అర్జీయే. ఒక కాపీ మన దగ్గర పెట్టుకుని, దాని మీద అందినట్టు సంతకం పెట్టించుకోవాలి.

రెండో ఆపరేషను

ఆపరేషను మళ్ళీ చేయించుకోవాలంటే మొదటిదానికంటే ఎక్కువ భయం వేస్తుంది. వెయ్యడం అరగంట పని కావచ్చు. తియ్యడం అలా కాదు. ఆనపపాదు చెడకుండా కింది పందిరి తాళ్ళు లాగి చూడండి, తెలుస్తుంది.

ఏం చేస్తారన్నది బాధను బట్టి ఉంటుంది. వేసిన కొత్తలోనే మూత్రం రాకపోతే పట్టీని వదులు చేస్తారు, లేదా మధ్యలో కోస్తారు. కొంచెం అంచు బయటపడితే కొందరికి ముందు పూతమందు ఇచ్చి చూస్తారు. తగ్గకపోతే ఆ ముక్క వరకు కోసి గోడ కుడతారు. నొప్పి తీవ్రంగా ఉంటే ఎక్కువ భాగం తియ్యాలి. ఒక్కసారిలో అవకపోవచ్చు. రెండోసారి, మూడోసారి కూడా కత్తి పడినవాళ్ళున్నారు. తీశాక కొందరికి నొప్పి పూర్తిగా పోతుంది. కొందరికి కొంతే పోతుంది. మూత్రం కారడం మళ్ళీ మొదలు కావచ్చు. ఇవన్నీ ముందే తెలియాలి. తెలిసి ఒప్పుకోవడం వేరు, తెలియక వేలు ముంచడం వేరు.

ఈసారి ఆమె ఊరికే కూర్చోలేదు. నోటుబుక్కులో మూడు ప్రశ్నలు రాసుకెళ్ళింది. అక్షరాలు వంకరగా ఉన్నాయి.

“ఎంత తీస్తారండి? తీశాక మళ్ళీ కారుతుందాండి? ఇలాంటివి మీరు ఎన్ని చేశారండి?”

మూడో ప్రశ్న అడగడానికి నోరు రాలేదు. పుస్తకం డాక్టరమ్మగారి ముందు పెట్టింది. ఆవిడ చదివి నవ్వారు. కోప్పడలేదు. “నేను తక్కువే చేశానమ్మా. మూత్ర సంబంధ డాక్టరు, స్త్రీల డాక్టరు ఇద్దరూ ఉన్నచోట చేయించుకుంటే మంచిది” అని చీటీ రాసిచ్చారు.

అలా నిజం చెప్పే డాక్టరు దొరకడం అదృష్టం. గోదావరి జిల్లాల వాళ్ళకి కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల తాలూకు ప్రభుత్వ జనరల్ ఆస్పత్రి ఉంది. రాజమహేంద్రవరం, ఏలూరుల్లో కూడా 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. ఎక్కడికి వెళ్ళినా, మూత్ర సంబంధ డాక్టరు ఏ రోజు చూస్తారో ముందు కనుక్కుని వెళ్తే బస్సు ఛార్జీ వృథా కాదు.

ఆమెకు బయటపడ్డ భాగం తీశారు. నాలుగు రోజులు మూత్రానికి గొట్టం ఉంచారు. నెలన్నర దాకా బిందె ఎత్తవద్దన్నారు, భర్తతో కలవవద్దన్నారు. భర్త బిందెలు మోశాడు. వీధిలో ఒకరిద్దరు నవ్వారు. మోశాడు.

గుచ్చుకోవడం పోయింది. తొడ నొప్పి సగం తగ్గింది. దగ్గితే కొంచెం కారుతోంది. అప్పుడు నేర్పారు ఆమెకు కెగెల్ వ్యాయామం. మొదట నేర్పాల్సింది చివర నేర్పారు. మళ్ళీ పట్టీ వేయించుకోవాలా అంటే, ఇప్పుడు ఆమె తొందరపడటం లేదు. ప్లాస్టిక్ లేకుండా, సొంత పొట్టలోని గట్టి పొర ముక్కతోనే ఉయ్యాల కట్టే పాత పద్ధతి ఒకటుందని ఆమెకు తెలిసింది. దానికి కోత పెద్దది. ఆలోచిస్తోంది.

దూరదేశాల ఆడవాళ్ళు

ఈ బాధ మన ఊరిదే కాదు. ఇంగ్లండులో 2006 నుంచి 2015 లోపు పట్టీ వేయించుకున్న 95,057 మంది లెక్కలు తీశారు. తొమ్మిదేళ్ళలో నూటికి ముగ్గురికి పైగా పట్టీ తీయించుకోవాల్సి వచ్చింది. నూటికి ముగ్గురంటే తక్కువే కదా అనిపిస్తుంది. ఆ ముగ్గురిలో ఒకరైన మనిషికి అది నూటికి నూరు.

స్కాట్లండులో ఎలెయిన్ హోమ్స్, ఆలివ్ మెకిల్‌రాయ్ అనే ఇద్దరు ఆడవాళ్ళు ఈ ఆపరేషను వల్ల దెబ్బతిన్నారు. నొప్పి నీ ఊహ అని డాక్టర్లు అంటే నమ్మి ఇంట్లో కూర్చోలేదు. మిగతావాళ్ళని కూడగట్టారు. పార్లమెంటుకు అర్జీ పెట్టారు. 2014 జూన్‌లో అక్కడి ఆరోగ్య మంత్రి ఈ ఆపరేషన్లు ఆపమని ఆస్పత్రులను కోరాడు. పట్టీ తీయించుకోవడానికి సొంత డబ్బు పెట్టుకున్న వాళ్ళకి, ఆ డబ్బు తిరిగి ఇవ్వడానికి 2022లో చట్టమే వచ్చింది.

ఇంగ్లండులో 2018 జూలైలో ఈ ఆపరేషనును నిలిపివేశారు. జూలియా కంబర్లెజ్ అనే ఆవిడ ఆధ్వర్యంలో విచారణ జరిగింది. 2020 జూలైలో నివేదిక ఇచ్చారు. ఆడవాళ్ళు బాధ చెప్తే వైద్య వ్యవస్థ వినలేదని అందులో స్పష్టంగా రాశారు. ఆస్ట్రేలియాలో జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ మీద వెయ్యిమందికి పైగా స్త్రీల తరఫున కేసు వేశారు. 2019 నవంబరులో కోర్టు స్త్రీల పక్షాన తీర్పు ఇచ్చింది. అమెరికాలో 2019 ఏప్రిల్‌లో, జారిన గర్భసంచికి యోని దారిన వేసే పెద్ద వలల అమ్మకం ఆపించారు. మూత్రానికి వేసే సన్నపట్టీని మాత్రం అక్కడ ఆపలేదు. కాబట్టి పట్టీ అంటేనే విషమని భయపడనక్కర్లేదు. సుఖంగా ఉన్నవాళ్ళు తీయించుకోవాల్సిన పనీ లేదు.

మన దేశం సంగతి

ఒంట్లో అమర్చే వస్తువుల వల్ల హాని కలిగితే నమోదు చేసుకునే ఏర్పాటు మన దేశంలో 2015 జూలైలో మొదలైంది. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దీన్ని చూస్తుంది. డబ్బు పడని ఫోను నంబరు 1800 180 3024. అక్కడ చెప్తే నష్టపరిహారం రాదు. కానీ ఫలానా పట్టీ వల్ల ఫలానా హాని జరిగిందని లెక్కలోకి ఎక్కుతుంది. చెప్పేటప్పుడు పట్టీ పేరు, నంబరు అడుగుతారు. మళ్ళీ ఆ చీటీయే కావాలి.

సంతకం గురించి కూడా ఒక తీర్పు ఉంది. 1995లో ఢిల్లీలో సమీరా కోహ్లీ అనే ఆమె పరీక్ష కోసం ఆస్పత్రికి వెళ్ళింది. మత్తులో ఉండగా, బయట ఉన్న తల్లి చేత ఒప్పించుకుని ఆమె గర్భసంచి తీసేశారు. ఆమె కోర్టుకెక్కింది. 2008 జనవరి 16న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ప్రాణం మీదికి రానప్పుడు, వయసొచ్చిన మనిషి తెలివిలోకి వచ్చే దాకా ఆగి ఆమెనే అడగాలంది. తల్లి ఒప్పుకుంటే చాలదంది. ఏం చేస్తారో, దానివల్ల ఏం ప్రమాదముందో, వేరే దారి ఏముందో డాక్టరు చెప్పి ఒప్పించాలంది.

మన అక్క భర్త పెట్టిన సంతకం గుర్తుందా? తోడుగా పెట్టొచ్చు. ఆమెకు బదులుగా కాదు.

ఈ పాఠం చదివాక చెయ్యండి

మీ ఇంట్లో ఎవరిదైనా ఆస్పత్రి కాగితం ఒకటి బయటికి తీయండి. తేదీ ఎక్కడుందో వేలు పెట్టి చూపండి. రోగి పేరు, ఆస్పత్రి పేరు చూడండి. చీటీ ఏదైనా అతికించి ఉందా? ఉంటే ఆ నంబరును మీ నోటుబుక్కులో ఎక్కించండి. ఇంగ్లీషు మాటలుంటే బడికి వెళ్ళే పిల్లల చేత చదివించి, తెలుగు అక్షరాల్లో రాయండి. తడి తగలకుండా కాగితాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టండి. ఎక్కడ పెట్టారో ఇంట్లో ఇంకొకరికి చెప్పండి.

ఈ మాటలు పైకి చదవండి: మూత్రసంచి. గర్భసంచి. పట్టీ. సంతకం. నంబరు. నాకు చదివి వినిపించండి.